పుండా

ఇక్కడ గాడిదను పుండా అంటారు.
నాలుగేళ్లుగా వింటున్నా
నా తెలుగు చెవికి పుండు అనే పడుతుంది.

నా పని తోళ్లు తూయడం.
ఉప్పు రాసి, మడిచి, కట్టగట్టిన తోళ్లు
మొంబాసాలో ఓడ ఎక్కేదాకా
ఒక్కోదాని బరువు నా రిజిస్టరులో ఉంటుంది.
వయసుండదు. ఎవరిదో ఉండదు.
ఆ గడులు ఫారంలోనే లేవు.

తుర్కానా ఎండలో, లొద్వార్‌కి ఇవతల
రేకుల షెడ్డు మీద రెండు జెండాలు.
గాలి లేనప్పుడు రెండూ ఒక్కలాగే వేలాడతాయి.
నైరోబీలో సంతకాలైన రోజున
చేతులు పట్టుకున్న పెద్దల ఫోటో
తెచ్చి గేటుకి అంటించారు.
వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడని మా సామెత.
ఆయన పట్టుకున్నది అరవొద్దని.
లోపల ఎబెయ్, లోకోల్ పట్టుకునేది
కత్తికింద కదలొద్దని.
రోజుకి ఆరొందల షిల్లింగులు.
చుట్టుపక్కల ఇంకెవరూ అంత ఇవ్వరు,
అదీ రాయాలి.

నాకిరు వచ్చింది ఒక బుధవారం.
వానలో పుట్టిందట, అందుకా పేరు.
ఆ తర్వాత వాన మళ్లీ సరిగా పడలేదని తనే చెప్పి తనే నవ్వుతుంది.
ఆ రోజు నవ్వలేదు.
బోరుబావికి తొమ్మిది కిలోమీటర్లు,
నాలుగు పసుపు డబ్బాలు, ఒక బూడిదరంగు గాడిద.
పిల్లల బడిఫీజు దాని వీపు మీద నుంచే దిగేది.
"రాత్రి తాడు కోసి తోలుకుపోయారు.
ఎడమ చెవి కొస చీలి ఉంటుంది. చూడనివ్వు."

చెవులు మేం తూయం.

షెన్ బయటికొచ్చాడు. మేనేజరు.
రెండు కొత్త సంవత్సరాలుగా ఇంటి మొహం చూడలేదు.
ఆమెను పొమ్మనలేదు. కుర్చీ వేశాడు.
సొరుగులోంచి ఎర్రపెట్టె తీసి
మామిడితాండ్రలా నల్లగా మెరిసే ముక్క చూపించాడు.
తోలు ఉడికి ఉడికి చివరికి ఇదవుతుంది.
"మా అమ్మకి రక్తం తక్కువ.
దీంతోనే లేచి తిరుగుతోంది."
గొప్పగా చెప్పలేదు, క్షమాపణలా చెప్పాడు.

నాకిరు వాసన చూసి తిరిగిచ్చింది.
"మీ అమ్మ నీళ్లకి ఎంత దూరం నడుస్తుంది?"

అతనికి స్వాహిలీ నాకంటే బాగా వచ్చు.
అయినా నా వైపు చూశాడు
అర్థం చెప్పమన్నట్టు.

తర్వాత నిషేధం వచ్చింది.
ఎక్కడో పెద్ద సభలో చాలా దేశాలు కలిసి చేతులెత్తాయట.
షెడ్డుకి తాళం పడింది.
ఎబెయ్ ఆ చేతుల్ని వారం రోజులు తిట్టాడు.

మూడు నెలలకి అదే గేటు తెరుచుకుంది.
ఈసారి మూడుచక్రాల మోటారుబళ్లు,
వెనక తొట్టి, ముందు ఎర్రరంగు, పద్దెనిమిది వాయిదాలు.
అదే రేవు, అదే రోడ్డు, ఎదురు దిక్కు.
రోడ్డు కూడా అప్పుదే.
షెన్ అదే కుర్చీలో, కొత్త సొరుగుతో.
నేను అదే రిజిస్టరులో కొత్త పేజీ తిప్పాను.
తూయక్కర్లేదు, లెక్కపెడితే చాలు.

నాకిరు ఒకటి తీసుకుంది, మరిది పూచీ మీద.
చెడ్డదని అనను:
నాలుగు డబ్బాలు పన్నెండయ్యాయి,
డబ్బా ధర అయిదు షిల్లింగులు దిగింది,
వాడకట్టంతా ఆమె పేరే.

పోయిన వారం నడిదారిలో పెట్రోలైపోయింది.
ఎవరికి చెయ్యాలో తెలీక నాకు ఫోన్ చేసింది.
వెళ్లేసరికి బండి నీడలో కూర్చుని ఉంది.
"దానికి ఆకలేస్తే ముందే తెలిసేది" అంది.
"ఒక్కోసారి నన్ను బావి దగ్గరే వదిలేసి
నీళ్లతో ఒక్కత్తే ఇంటికి పోయేది, దొంగది."

సీసాతో పోశాను.
ఆమె లేచింది. కీ తిప్పే ముందు
అరచేత్తో ట్యాంకు మీద రెండుసార్లు తట్టింది,
డొక్క మీద తట్టినట్టు.
ఏదో అంది, నాకు వినపడలేదు.
ఇంజను అందుకుంది.

ఆరో వాయిదా శుక్రవారం.